రంగు కింద దాగిన చరిత్ర
(పాత అల్యూమినియం పడవ నేర్పిన పాఠాలు)

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు రెండు మాసాలుగా అడుగుతున్నారు. నేను రచయితను కాను. విశాఖ తీరాన ఒక పడవల మరమ్మతు షెడ్డులో, రంగు డబ్బాల మధ్య ముప్పై నాలుగేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. తెలిసిన విషయం వ్రాస్తే తప్పులు తక్కువ దొర్లుతాయి కదా అని, పాత అల్యూమినియం పడవకు మళ్ళీ రంగు వేసే ముందు దాన్ని ఎలా సిద్ధం చేయాలి, ఆ పద్ధతి మనుషులకు ఎలా తెలిసివచ్చింది అనే సంగతి ఎంచుకున్నాను. "పింఛనుదార్లకు పడవ రంగు దేనికయ్యా?" అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. చివరిదాకా చదివి ఆ తరువాత నవ్వమని మనవి.

మన చిన్నతనంలో వీధిలోకి కళాయివాడు వచ్చేవాడు. ఇత్తడి గిన్నెకు తగరం పూయడం అతనికి రెండు నిమిషాల పని. కానీ అంతకుముందు ఆ గిన్నెను ఇసుకతో, గుడ్డతో, కాళ్ళతో తొక్కి తొక్కి తోమేవాడు. కొలిమి మీద వేడి చేసి నవాసారం చల్లేవాడు. అప్పుడే తగరం పట్టేది. తోమకుండా పూసిన కళాయి నెల తిరక్కుండా లేచిపోయేది. మా అమ్మ కళాయివాడి పూతను చూసేది కాదు, తోముడు చూసేది. పడవ రంగు సంగతీ అంతే. ఇంత చిన్న విషయం నాకు ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళకు గాని బోధపడలేదు. ఆ బోధపడడానికి వేరొకరు మూల్యం చెల్లించారు.

నేను చేసిన తప్పు

1984 వేసవి. మా షెడ్డుకు ఒక సర్వే లాంచి వచ్చింది. ముప్పై అడుగుల పొడవు. రివెట్లతో కూర్చిన అల్యూమినియం రేకుల పడవ. షెడ్డులో తక్కినవన్నీ ఇనుప పడవలు, కొయ్య పడవలు. ఇది ఒక్కటే వేరే జాతి. రంగు పెచ్చులు లేచి, అడుగున పాచి, గుల్లలు పట్టి ఉంది. అదే సమయంలో పై అధికారి ఒకరు తనిఖీకి వస్తున్నారని కబురు వచ్చింది. గడువు నాలుగు రోజులు.

మా పెయింటర్ మేస్త్రీ నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవారు. ఆయన పన్నెండు రోజులు అడిగారు. నేను కుదరదన్నాను. ఇనుప వైరు బ్రష్‌లతో గీకించి, ఒక పూత రెడ్‌లెడ్డు వేసి, పైన బూడిదరంగు ఎనామిల్ కొట్టమన్నాను. ఇనుప పడవలకు అప్పట్లో మేము చేసేది అదే.

"బాబూ, ఇది ఇనుము కాదండి, సత్తు. దీనికి సిందూరం పడదు. ఇనుప బ్రష్ అసలే ఆనించకూడదు" అన్నారాయన.

"ఎందుకు పడదు?" అన్నాను.

"ఎందుకో చెప్పే చదువు నాకు లేదండి. పడదు, అంతే."

ఆయనకు చదువు లేదు, నాకు డిప్లొమా ఉంది. నా మాటే నెగ్గింది. నాలుగో రోజుకు పడవ అద్దంలా తయారయింది. అధికారి గారు మెచ్చుకున్నారు కూడా.

దసరా నాటికి నీటిగీత పొడవునా బుడగలు లేచాయి. బుడగ గిల్లితే కింద తడిసిన తెల్లటి పొడి. మరుసటి ఏడాది పడవను గట్టెక్కించి రంగు తీయించి చూస్తే రేకుల మీద మశూచి మచ్చల్లా గుంటలు. కొన్ని చోట్ల మేకు మొన ఆనిస్తే ఇవతలి నుంచి అవతలికి దిగింది. ఆరు రేకులు మార్చవలసి వచ్చింది. విచారణ జరిగింది. "పెయింటింగ్ సిబ్బంది పనితనంలో లోపం" అని ఫైలులో వ్రాశారు. మేస్త్రీ గారికి మెమో ఇచ్చారు. ఆర్డరు నాదని ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ తరువాత ఆ సిగ్గుతోనే ఈ విషయం మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. మేస్త్రీ గారు చెప్పలేకపోయిన "ఎందుకు" అనేదానికి సమాధానం రెండు వందల ఏళ్ళ చరిత్రలో చెల్లాచెదురుగా ఉంది.

సత్తు లోహం పుట్టుక

మనం సత్తు అని, తెలంగాణ వైపు సిల్వర్ అని పిలిచే ఈ లోహం మట్టిలో అంతటా ఉన్నా, విడిగా చేతికి చిక్కింది చాలా ఆలస్యంగా. 1825లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ కొద్దిగా వేరు చేశాడు. 1854లో ఫ్రాన్సులో డెవిల్ కొంచెం ఎక్కువ మోతాదులో తీసే దారి కనిపెట్టాడు. అయినా చాలాకాలం అది ఖరీదైన వస్తువే. 1884లో అమెరికాలోని వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు అల్యూమినియం తొడుగు పెట్టారంటే అప్పట్లో దాని గౌరవం ఊహించుకోవచ్చు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, విద్యుత్తుతో దాన్ని చౌకగా తీసే ఒకే పద్ధతిని కనిపెట్టారు. ఇద్దరూ 1863లో పుట్టినవారే, ఇద్దరూ 1914లోనే కన్నుమూశారు. మన మద్రాసులో ఆర్ట్స్ స్కూలు సూపరింటెండెంటుగా ఉన్న ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1898లో అల్యూమినియం గిన్నెల తయారీ మొదలుపెట్టించాడు. సత్తు తపేలాలు మన వంటిళ్ళలోకి రావడానికి అదొక ఆరంభం.

ఈ లోహానికి ఒక విచిత్ర గుణం ఉంది. గాలి తగిలిన మరుక్షణం దాని మీద కంటికి కనపడనంత పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఇనుము తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది. అల్యూమినియం పొర మాత్రం రాలదు, గీసినా వెంటనే మళ్ళీ పుడుతుంది. అదే దానికి కవచం. రంగు వేసేవాడికి చిక్కు కూడా దానితోనే. పాతబడిన పొర సమానంగా ఉండదు. ఉప్పు, జిడ్డు, తేమ దానిలో చిక్కుకుని ఉంటాయి. దాని మీద వేసిన రంగు లోహాన్ని పట్టుకోదు. ఇంకొక సంగతి. ఉప్పునీటిలో రాగి, కంచు, ఇనుము వంటివి అల్యూమినియానికి తాకి ఉంటే కవచం నిలవదు. రెండు లోహాలూ, ఉప్పునీరూ కలిసి ఒక బ్యాటరీలాగా పనిచేస్తాయి. ఆ బ్యాటరీలో కరిగిపోయేది అల్యూమినియమే.

కాగితం చుట్టిన మేకులు

ఈ బ్యాటరీ సంగతి అల్యూమినియం పుట్టకముందే ఓడలవాళ్ళకు అనుభవంలోకి వచ్చింది. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే కొయ్య ఓడ అడుగుకు రాగి రేకులు తాపడం చేయించింది. కొయ్యను తొలిచే పురుగుల బెడద, గుల్లల బెడద రెండూ తీరతాయని ఆశ. 1763లో చూస్తే రాగి బాగానే ఉంది గాని, దాన్ని పట్టుకున్న ఇనుప మేకులు చాలావరకు తినేసి ఉన్నాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కు చెదరలేదు. కారణం వెతికితే, రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ముక్కలు ఆ మేకుల దగ్గర ఊడిపోకుండా మిగిలి ఉన్నాయి. రెండు లోహాల మధ్య కాగితం అడ్డున్నచోట ఇనుము బతికింది. సిద్ధాంతం ఎవరికీ తెలియని రోజుల్లో ఓడ తానే చెప్పిన పాఠం అది.

సిద్ధాంతం 1824లో వచ్చింది. ఇంగ్లండులో సర్ హంఫ్రీ డేవీ, రాగి తాపడం ఉప్పునీటిలో కరిగిపోకుండా ఉండాలంటే దానికి చిన్న జింకు ముక్కనో ఇనుప ముక్కనో తగిలించమన్నాడు. ఆ ముక్క తాను కరిగి రాగిని కాపాడుతుంది. ఈ ప్రయోగం జరిగిన ఓడల్లో ఒకటి సమరంగ్. అది మన కొచ్చిన్‌లో టేకుతో కట్టి 1822లో నీటిలోకి దించిన ఓడ. మనవాళ్ళ చేతుల మీదుగా తయారైన ఓడ మీద ప్రపంచానికి ఈ పాఠం రుజువైందని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. అయితే ఇక్కడో తమాషా జరిగింది. రాగి కరగడం ఆగిపోగానే గుల్లలూ పాచీ దాని మీద పట్టడం మొదలైంది. కరిగే రాగి విషమే అంతవరకు వాటిని దూరంగా ఉంచింది. అందుచేత నౌకాదళం ఆ పద్ధతిని మానుకుంది. కానీ డేవీ సూత్రం చెడిపోలేదు. ఈనాటికీ ఇనుప, అల్యూమినియం పడవల అడుగున బిగించే జింకు దిమ్మలు ఆయన పెట్టిన భిక్షే.

డిఫెండర్ అనే అందగత్తె

ఇన్ని పాఠాలు తెలిసి ఉన్నా మనిషి తొందర మనిషిదే. 1890ల నాటికి అల్యూమినియం చౌకయింది. పడవలు కట్టేవాళ్ళకు ఆశ పుట్టింది. 1892లో జ్యూరిచ్‌లోని ఎషర్ విస్ కంపెనీ, డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్ కోసం మిన్యోన్ అనే అల్యూమినియం పడవ కట్టింది. అది మంచినీటి సరస్సు మీద తిరిగే పడవ. అసలు పరీక్ష సముద్రంలో జరిగింది.

1895లో అమెరికాలో నథానియల్ హెర్రెషాఫ్ అనే మహా నిపుణుడు అమెరికా కప్ పందెం కోసం డిఫెండర్ అనే తెరచాప పడవ రూపొందించాడు. బరువు తగ్గాలి, వేగం పెరగాలి. అందుకని నీటి కింది భాగానికి నున్నగా ఉండే కంచు రేకులు, నీటి పై భాగానికి తేలికైన అల్యూమినియం రేకులు, లోపల ఉక్కు పక్కటెముకలు వాడాడు. మూడు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ, వాటి మీద ఉప్పునీరు. పైన మనం చెప్పుకున్న బ్యాటరీని ఇంతకన్నా బాగా ఎవరూ తయారుచేయలేరు!

ఆ సెప్టెంబరులో డిఫెండర్ పందెం గెలిచింది. కప్పు అమెరికాలోనే నిలిచింది. ఆ మేరకు హెర్రెషాఫ్ లెక్క తప్పలేదు. కానీ పడవ ఒంట్లో రోగం అప్పటికే మొదలైంది. కంచును తాకిన చోట, ఉక్కును తాకిన చోట అల్యూమినియం తెల్లపొడిగా మారిపోసాగింది. 1899లో కొత్త పడవ కొలంబియాకు సాధన కోసం పోటీగా నిలపడానికి దాన్ని మరమ్మతు చేసి మళ్ళీ నీటిలోకి తెచ్చారు. 1901లో విరిచి పాత సామానుకు వేశారు. పుట్టిన ఆరేళ్ళకే ఆయువు తీరింది. ఎంత మంచి రంగు వేసినా లోపలి బ్యాటరీని రంగు ఆపలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా లాంచి గుర్తుకు వచ్చింది. నేను చేయించింది కూడా ఇదే. ఇనుప బ్రష్ తీగల ముక్కలు, ఇనుము నలుసులు మెత్తటి అల్యూమినియంలో దిగబడిపోయాయి. ఒక్కొక్క నలుసూ ఒక్కొక్క చిన్న బ్యాటరీ. దాని మీద సీసంతో చేసిన సిందూరం. ఇనుముకు అది అమృతం, తరతరాలుగా ఓడలను కాపాడింది. అల్యూమినియం మీద అదే సీసం శత్రువు. పాదరసం సంగతి ఇంకా ఘోరం. చుక్క పాదరసం చాలు, ఆక్సైడు కవచం చీలిపోయి లోహం బూజులా లేచిపోతుంది. "పడదు, అంతే" అన్న మేస్త్రీ గారి మాటకు ఇదంతా వివరణ.

పసుపు ప్రైమర్

డిఫెండర్ తరువాత ముప్పై ఏళ్ళకు గాని పరిస్థితి చక్కబడలేదు. మెగ్నీషియం కలిపిన అల్యూమినియం రకాలు ఉప్పునీటికి బాగా తట్టుకుంటాయని తేలింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల వల్ల ఈ లోహం పనిలో చేయి తిరిగినవాళ్ళు పెరిగారు. 1945లో అమెరికాలో గ్రమ్మన్ అనే విమానాల కంపెనీ అల్యూమినియం తోపుడు పడవలు అమ్మకానికి తెచ్చింది. గ్యాస్ రక్షణతో చేసే వెల్డింగు వచ్చాక రివెట్లు తగ్గాయి. మన తీరరక్షక దళం వాడే వేగపు పడవల్లో చాలావాటి ఒళ్ళు ఇప్పుడు అల్యూమినియమే.

విమానాలతో పాటు వచ్చిన మరొకటి జింక్ క్రోమేట్ ప్రైమర్. మనలో షెడ్డుల్లో పనిచేసిన వారందరికీ ఆ పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు గుర్తుండే ఉంటుంది. తేమ తగిలినప్పుడు దానిలోని క్రోమేటు కొద్దికొద్దిగా కరిగి, గీత పడిన చోటికి చేరి, లోహాన్ని మళ్ళీ కప్పుతుంది. అల్యూమినియానికి అంతకన్నా మంచి మందు చాలాకాలం ఎవరికీ దొరకలేదు. 1985లో మా లాంచికి రేకులు మార్చాక మేస్త్రీ గారే దాన్ని శాస్త్రోక్తంగా సిద్ధం చేసి, ఆ పసుపు ప్రైమర్ వేశారు. ఆ పూత పన్నెండేళ్ళు నిలిచింది.

కానీ ఆ మందు లోహానికి మాత్రమే మందు. ఎండిన పాత ప్రైమర్‌ను ఉప్పుకాగితంతో రుద్దితే లేచే పసుపు దుమ్ములో ఉండే క్రోమియం మనిషికి విషం. చర్మం మీద మానని పుండ్లు, ముక్కు లోపలి అడ్డుగోడకు చిల్లు, ఊపిరితిత్తుల క్యాన్సరు దాని వల్ల వస్తాయి. ఈ రకం క్రోమియం మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1990లో స్పష్టంగా తేల్చి చెప్పింది. మా షెడ్డులో మాస్కు అంటే మూతికి కట్టుకున్న తువ్వాలే. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు మేస్త్రీ గారి కనుబొమలు పసుపుగా ఉండేవి. "పెళ్ళికొడుకులా ఉన్నారు" అని మేము హాస్యమాడేవాళ్ళం. ఆయన ముక్కు నుంచి తరచు రక్తం వచ్చేది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు తాగేవారు.

ఆల్చిప్పల శాపం

నీటి కింది భాగానికి వేసే రంగుదీ ఇటువంటి కథే. గుల్లలు పట్టకుండా రాగి కలిపిన రంగు వేయడం పాత అలవాటు. అల్యూమినియం పడవకు రాగి రంగు వేస్తే డిఫెండర్ గతే. దానికి బదులుగా 1960ల నుంచి ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు రసాయనం కలిపిన రంగులు వచ్చాయి. అల్యూమినియాన్ని ఏమీ చేయవు, గుల్లలను దగ్గరకు రానీయవు. అందరూ వరమనుకున్నారు.

ఫ్రాన్సులో ఆర్కషోన్ అనే అఖాతం ఉంది. అక్కడివారు తరతరాలుగా ఆల్చిప్పలు పెంచి బతుకుతారు. 1970ల చివరికి వాళ్ళ ఆల్చిప్పలు వికారంగా మందమెక్కి, లోపల మాంసం లేకుండా పోయాయి. పిల్ల చిప్పలు నిలవలేదు. పక్కనే లంగరు వేసి ఉన్న విహార పడవల రంగే కారణమని తేలింది. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలకు ఆ రంగును నిషేధించింది. 1988లో అమెరికా కూడా ఇరవై అయిదు మీటర్ల లోపు పడవలకు నిషేధించింది గాని, అల్యూమినియం పడవలకు మినహాయింపు ఇచ్చింది. వాటికి వేరే దారి లేదని! చివరకు 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబరులో అమలులోకి వచ్చాక అన్ని ఓడలకూ అది ఆగింది. ఎక్కడో పడవ నున్నగా ఉండడానికి వేసిన పూత, మరెక్కడో ఒక రైతు పంటను తినేసింది.

మరి సిద్ధం చేయడం ఎలా?

ఇప్పుడు పద్ధతి చెబుతాను. దీనిలో ప్రతి మెట్టు వెనుక పైన చెప్పిన కథల్లో ఏదో ఒకటి ఉందని పాఠకులే గమనిస్తారు.

పడవను గట్టెక్కించిన వెంటనే, అడుగు తడిగా ఉండగానే మంచినీటితో జోరుగా కడగాలి. ఆరితే గుల్లలు రాయిలా బిగుస్తాయి. వాటిని కొయ్య చెక్కతోనో ప్లాస్టిక్ చెక్కతోనో గీకాలి. ఉప్పు మిగలకుండా మరోసారి కడగాలి.

తరువాత పాత రంగు ఏమిటో తెలుసుకోవాలి. రిజిస్టరు ఉంటే చూడాలి, లేకపోతే పాతవాళ్ళను అడగాలి. సీసం, క్రోమేటు, తగరపు రంగు ఉన్నదన్న అనుమానం వస్తే పొడిగా రుద్దనే కూడదు. నీళ్ళతో తడుపుతూ రుద్ది, ఆ బురదను కింద పరచిన పట్టాలోకి పట్టి వేరుగా పారవేయాలి. సరైన వడపోత మాస్కు పెట్టుకోవాలి. గట్టిగా అంటుకుని ఉన్న పాత పూతను ఊరికే పీకనక్కరలేదు. పెచ్చు లేచిన అంచులను పలుచగా దిగేటట్లు రుద్దితే చాలు.

రుద్దే ముందే జిడ్డు తీయాలి. చాలామంది ముందు రుద్ది తరువాత థిన్నర్ పెడతారు. అప్పుడు జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. ఒక గుడ్డతో థిన్నర్ రాసి, ఆరకముందే వేరే శుభ్రమైన గుడ్డతో తుడవాలి. కాస్టిక్ సోడా, బట్టల సోడా దగ్గరకు రానీయరాదు. సత్తు గిన్నెను సోడాతో తోమితే నల్లబడుతుందని మన ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలిసినదే.

ఇప్పుడు రుద్దడం. 80 నుంచి 120 నంబరు అల్యూమినియం ఆక్సైడు ఉప్పుకాగితం మంచిది. ఇనుప వైరు బ్రష్, ఇనుప రజను, ఇనుము కోసిన గ్రైండింగ్ చక్రం, ఇవేవీ తాకకూడదు. రేకు మందంగా ఉంటే సన్నని గార్నెట్ ఇసుకను తక్కువ ఒత్తిడితో కొట్టవచ్చు. పలుచని రేకు అయితే వంకర తిరుగుతుంది. ఈ గార్నెట్ మన విశాఖ, శ్రీకాకుళం తీరపు ఇసుకలోనూ ఉన్నదే. తడి ఆరిన భీమిలి ఒడ్డున వంగపండు రంగులో చారలు కట్టే ఇసుకను మీరు చూసే ఉంటారు.

గుంటల్లోని తెల్లపొడి పూర్తిగా పోవాలి. దానికి పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న క్లీనరు వాడి, ఆరనివ్వకుండా మంచినీటితో కడిగేయాలి. శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి మా మేస్త్రీ గారి పరీక్ష ఒకటుంది. చెంబుడు మంచినీళ్ళు రేకు మీద పోసేవారు. నీరు పలుచని తెరలా పరుచుకుంటే సరే. తామరాకు మీదిలా ముత్యాలు కడితే జిడ్డు ఉందన్నమాట. మళ్ళీ మొదటి నుంచి. తరువాత నేను పుస్తకాల్లో చూస్తే అన్ని దేశాల్లోనూ ఇదే పరీక్ష ఉంది.

రేకు ఆరగానే ఆలస్యం చేయకూడదు. ఆక్సైడు పొర మళ్ళీ ముదరకముందే, కొన్ని గంటల లోపల, మొదటి పూత పడాలి. కానీ తేమ రోజున వేయరాదు. గాలిలో తేమ 85 శాతం దాటితే పని ఆపాలి. మంచు పడే ఉదయం వేళ పనికిరాదు. ఇప్పుడు క్రోమేటు లేని రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్లు వచ్చాయి, అవే వాడాలి. లప్పం పెట్టాలంటే బోసి లోహం మీద కాక ప్రైమర్ మీద పెట్టాలి. అడుగు భాగానికి రాగి ఆక్సైడు లేని, అల్యూమినియం కోసమే చేసిన రంగు ఎంచుకోవాలి. ఇత్తడి కవాటాలు, ఉక్కు బోల్టులు ఉన్నచోట రేకుకు తాకకుండా నైలాన్ వాషర్లు వేయాలి. అవి మన అలారం ఓడ కాగితానికి మనుమలు. జింకు దిమ్మల మీద మాత్రం ఎవరూ రంగు వేయకూడదు. రంగు వేసిన జింకు, కాపలా మాని నిద్రపోయిన వాచ్‌మన్ ఒకటే.

పది రోజుల సిద్ధం, రెండు రోజుల రంగు. మేస్త్రీ గారు అడిగిన పన్నెండు రోజుల లెక్క ఇదే.

ముగింపు

గత నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్ళాను. ఫ్యామిలీ పింఛను కోసం మేస్త్రీ గారి భార్య వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నన్ను పోల్చుకున్నారు. మేస్త్రీ గారు రిటైరైన నాలుగేళ్ళకే ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. కాసేపు మాట్లాడాక ఆమె, "బాబూ, ఆ పసుపు దుమ్ము వల్లేనా ఆయనకలా అయింది?" అని అడిగారు. అవునని చెప్పడానికి నా దగ్గర కాగితం లేదు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ దుమ్ము మంచిది కాదని ఇప్పుడు లోకానికి తెలుసునని, అప్పట్లో మాకెవరికీ ఎవరూ చెప్పలేదని మాత్రం అన్నాను. ఆమె తల ఊపి, "ఆయన మీ గురించి ఎప్పుడూ మంచిగానే చెప్పేవారు" అన్నారు. ఆ మాట నాకు మెమో కన్నా బరువుగా తగిలింది.

అందుకే ఈ వ్యాసం. 1985 నాటి ఆ ఫైలు ఇప్పుడు ఎక్కడ ఉందో, చెదలు తినేసిందో తెలియదు. దానిని దిద్దే అధికారమూ నాకు లేదు. కనుక మన సంఘం పత్రికలోనే వ్రాసి పెడుతున్నాను. ఆ లాంచి రంగు చెడిపోవడానికి కారణం పెయింటర్ మేస్త్రీ గారి పనితనం కాదు. ఆయన వద్దన్నా వినకుండా నేను ఇచ్చిన ఆర్డరే కారణం. వారి పిల్లలు, మనుమలు ఇది చదవాలని నా కోరిక.

మిత్రులకు ఒక మనవి. క్రోమేటు ప్రైమర్లు, సీసపు రంగులు, ఆస్బెస్టాస్ మధ్య పనిచేసినవారు మనలో ఎందరో ఉన్నారు. దగ్గు, ఆయాసం వచ్చి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు వయసు, బీపీ, షుగరు చెప్పి ఊరుకోకండి. ఏ షెడ్డులో, ఏ రంగులతో, ఎన్నేళ్ళు పనిచేశారో కూడా చెప్పండి. ఇంట్లో పాత ఇనుప పెట్టెనో, గేటునో మనుమడు ఉప్పుకాగితంతో రుద్దుతుంటే, ముందు నీళ్ళతో తడపమనండి. అలాగే మీకు చేతిపనిలో తెలిసిన "పడదు, అంతే" అనే సంగతులు ఏమైనా ఉంటే వ్రాసి సంఘానికి పంపండి. చదువు రాని మేస్త్రీలు చెప్పినవి అయితే మరీ మంచిది. వాటికి "ఎందుకు" అన్నది తరువాతి వాళ్ళు వెతుక్కుంటారు.

వ్యాసం పొడుగైనందుకు క్షంతవ్యుణ్ణి. సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఆయురారోగ్యాలు కలగాలని కోరుతూ, సెలవు.